బావగారికి తెల్లపట్టు ఆల్బమ్

హార్లింగెన్,
1974 అక్టోబరు 9.

గౌరవనీయులైన బావగారికి,

గౌరవనీయులు అన్నానని పొంగిపోకండి. ఉత్తరం అలా మొదలుపెట్టకపోతే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి మళ్లీ మొదటినుంచి రాయిస్తుందని భయం.

ఇక్కడ నేను క్షేమం. మోకాలు మాత్రం క్షేమం కాదు, కానీ దాని సంగతి దానిది. మీరూ, మీ కుక్కా బాగున్నారని తలుస్తాను.

మీ పుట్టినరోజుకి పంపిన పార్శిల్ ఈపాటికి అంది ఉంటుంది. తెరచాపలు కుట్టే షెడ్డులో పని మానేసిన దగ్గర్నుంచి నా చేతులకి తోచడం లేదని మీకు తెలుసు కదా. అందుకని ఆల్బమ్ చేయడం నేర్చుకున్నాను. మందపాటి అట్టలు కోసి, మీద పల్చగా దూది పరిచి, పట్టుగుడ్డ లాగి అంటించాను. పిండి జిగురు నేనే ఉడకబెట్టుకున్నాను. మూలల దగ్గర గుడ్డ ముడత పడకుండా మడవడం ఉందే, గాలికి చిరిగిన తెరచాపని పడవ మీద నిలబడి కుట్టడం దానికన్నా తేలిక. అట్టలు వంకర తిరక్కుండా రెండు రోజులు కుట్టుమిషను కింద పెట్టి అణిచాను. ఇదే నా మొదటిది. ఇంతవరకు ఎవరికీ చేయలేదు.

ముందు సగంలో మా రెన్స్కె అక్క ఫోటోలు పెట్టాను, నా దగ్గరున్నవన్నీ. మిగతా సగం ఖాళీ. అక్క పోయి మూడేళ్లయింది కదా అని అక్కడితో ఆపేయడం నాకు నచ్చలేదు. ఆ మిగతా పేజీలు మీరూ నేనూ కలిసి నింపుకుందాం. మీ అటక మీద చెప్పుల పెట్టెలో ఏమేం పడున్నాయో నాకు తెలుసు, అవన్నీ పట్టుకుని ఒక ఆదివారం రండి. ఇది ఒంటరిగా చేసుకునే పని కాదు బావగారూ, ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు అంటించాలి. మీకు ఇష్టమైతే ఇష్టమని రాయండి. ఇష్టం లేకపోతే మొహమాటపడకండి. తొందరేం లేదు, కానీ మన వయసులో మరీ నాన్చితే తర్వాత కళ్లు కనబడవు, చేతులు పట్టు తప్పుతాయి, ఇక చేసుకునీ ప్రయోజనం ఉండదు.

మీ జవాబు కోసం చూసే,
మీ మరదలు
హిస్కె.

తా.క.: ఆ పట్టు ఎక్కడిదని అడుగుతారేమో. ఒకప్పుడు నా పెళ్లికని కొన్నది. ఆ పెళ్లికొడుకు రాటర్‌డామ్‌లో ఓడ దిగి, అద్దెకున్న ఇంటావిడనే చేసుకున్న సంగతి మీకు తెలుసు. పెట్టెలో పసుపు రంగు ఎక్కుతుంటే చూడలేక కత్తెర పట్టాను. మీకు తప్ప ఇంకెవరికీ దాన్ని కోసి ఉండేదాన్ని కాదు. దాని దగ్గర పైపు కాల్చకండి.


వర్కుమ్,
అక్టోబరు 20.

ప్రియమైన హిస్కెకి,

ప్రియమైన అని రాసి, కొట్టేసి, వేరే కాగితం తీసుకుని మళ్లీ అదే రాశాను. ఇప్పుడున్న పరిస్థితిలో ఏ మాట రాస్తే ఎలా అనిపిస్తుందో నాకు తెలియడం లేదు.

పార్శిల్ అందింది. నీ పనితనం గురించి చెప్పడానికేముంది. ఇంత నున్నటి వస్తువు మా ఇంట్లో ఇంకొకటి లేదు. ఉత్తరం కూడా చదివాను. మొదట నాకు ఫోటోల సంగతే అనిపించింది. ఇంతలో పక్కింటి ఔకె బఠాణీల సూప్ పట్టుకుని వచ్చింది. ఆమె భర్త పోయినప్పటి నుంచి నవలలు తెగ చదువుతుంది, ఉత్తరాల్లో లోపలి అర్థాలు పట్టుకోవడంలో ఘటికురాలు. సరే అని ఆమెకి చదివి వినిపించాను. తాగమని ఇచ్చిన సూప్ ఆమే తాగేస్తూ అంతా విన్నది. చివర నువ్వు పట్టు గురించి రాసింది విన్నాక చెంచా కింద పెట్టేసి, ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది డౌవా అన్నది. అర్థం చేసి చెప్పింది. అప్పట్నుంచి నాకు తిండి సరిగా దిగడం లేదు.

హిస్కె, నువ్వు అడిగింది చిన్న విషయం కాదు. అంత ధైర్యంగా అడిగినందుకు నాకు నీ మీద గౌరవం పెరిగింది. కాదనడం నాకు ఎంత కష్టమో నీకెలా చెప్పను. రెన్స్కె కుర్చీ ఇంకా ఆ కిటికీ పక్కనే ఉంది. అందులో ఇంకెవరైనా కూర్చోవడం, నువ్వే అయినా సరే, నా మనసు ఒప్పుకోవడం లేదు. జనం సంగతి కూడా ఉంది. పడవలు పోవడానికి ఎన్నో ఏళ్లు ఈ కాలువ వంతెన ఎత్తుతూ దించుతూ నిలబడ్డవాణ్ని. ఈ ఊళ్లో నన్ను ఎరగని పడవ లేదు. ఈ వయసులో, అందులోనూ మరదలితో అంటే, చర్చిలో వెనక బెంచీల వాళ్లు ఏం మాట్లాడుకుంటారో నువ్వే ఆలోచించు.

నువ్వు పంపింది బీరువాలో జాగ్రత్తగా పెట్టి తాళం వేశాను. చూస్తే మనసు కలత పడుతోంది. కోపం తెచ్చుకోకు. నాకు కొన్ని అలవాట్లు కూడా ఉన్నాయి, రెన్స్కె నీతో చెప్పే ఉంటుంది. గురక ఒకటి.

ఎప్పటిలాగే నీ మేలు కోరే,
డౌవ.

తా.క.: ఒకవేళ, ఒకవేళ మాత్రమే, సరే అనుకుంటే, నేను అక్కడికి రావాలా, నువ్వు ఇక్కడికి వస్తావా? మీ ఇంటి మెట్లు నిటారుగా ఉంటాయి. నా కుక్కకి మెట్లు పడవు. ఊరికే తెలుసుకుందామని.


హార్లింగెన్,
నవంబరు 2.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాను. మీరు దీన్ని ఇంత పెద్దగా తీసుకుంటారని నేను అనుకోలేదు. ఒక మధ్యాహ్నం కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటూ అయిపోయే దానికి గురక అడ్డమేమిటో నాకు బోధపడలేదు. మీరు పని మధ్యలో నిద్రపోతారన్న మాట అక్క ఎప్పుడూ చెప్పలేదు.

జనం అంటారా, దాని గురించి మా పాస్టరు గారినే అడిగాను. ఆదివారం ప్రార్థన రోజు కదా, మీ ఊరివాళ్లు ఆ విషయంలో గట్టివాళ్లు కదా అని. ఆయన నవ్వి, ఇందులో తప్పేముందమ్మా, హాయిగా కానివ్వండి అన్నారు. అంతటితో ఊరుకోలేదు. తనని ఇంతవరకు అలా ఎవరూ అడిగిన పాపాన పోలేదని మొహం దిగాలుగా పెట్టారు. పాపం అనిపించి మరుసటి వారమే ఆయనకి ఇచ్చేశాను. సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. భార్య పక్కనే ఉంది. ఆవిడకి కళ్లనీళ్లు ఆగలేదు, నన్ను ముద్దుపెట్టుకుని, తన తమ్ముడిని కూడా కొంచెం చూడమన్నది.

మందుల షాపు యెల్లె అయితే దారిలో కనబడ్డప్పుడల్లా నా వంతు ఎప్పుడు హిస్కె అంటాడు. ముప్పై ఏళ్లవాడు, సిగ్గూ బిడియం లేదు. వాడికి ఎర్ర మఖ్మలు ఇష్టమట. ఇక మా స్కూలు హెడ్మాస్టరు సీబ్రెన్ గారు వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. మహా మర్యాదస్తుడు. టోపీ చేతిలో పట్టుకుని, మీకు తీరికైనప్పుడే అంటారు. ఇంతమంది అడిగి మరీ తీసుకుంటుంటే మొట్టమొదట ఎవరికి ఇచ్చానో ఆ ఒక్కరే వద్దంటున్నారు.

కుర్చీ గురించి మీరు రాసింది చదివి బాధ కలిగింది. నేను అక్క కుర్చీలో కూర్చుంటానని ఎప్పుడు అన్నాను? నాకు స్టూలు చాలు.

ఎక్కడ అంటారా, మీరే రండి. అక్కడైతే ఆ ఔకె సూప్ గిన్నెతో గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాకు పని సాగదు.

మీ మరదలు
హిస్కె.

తా.క.: కుక్కని కింది వాటాలో కట్టేయవచ్చు. ఒక మధ్యాహ్నానికి బెంగపెట్టుకుని చావదు. ఆ కింది వాటావాళ్లింట్లో ఫోను ఉంది, నన్ను పిలిపించి మాట్లాడవచ్చు, కానీ ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వింటారు, కాబట్టి ఉత్తరమే రాయండి. ఇలాంటివి అపార్థం లేకుండా కాగితం మీద ఉండటమే మేలు.


వర్కుమ్,
నవంబరు 15.

హిస్కెకి,

నీ ఉత్తరం చదివి కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. వంతెన కొత్త కాపలాదారు వచ్చి పలకరించి, ఒంట్లో బాగాలేదా అని అడిగి వెళ్లాడు.

హార్లింగెన్ ఓడరేవు ఊరని నాకు తెలుసు. కాలం మారిందనీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏవేవో జరుగుతున్నాయనీ ఔకె టీవీలో చూసి చెబుతూ ఉంటుంది. కానీ పాస్టరు గారా, హిస్కె? భార్య ఎదురుగానా? ఆవిడ తమ్ముడిని కూడానా? నీ ఉత్తరం ఔకెకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. ఆమె గిన్నె పొయ్యి మీద మర్చిపోయి వచ్చి విన్నది, సూప్ మాడిపోయింది. నీకు జ్వరమేమో, వెంటనే ఎవరైనా వెళ్లి చూడాలని అన్నది. నాకైతే నీ మీద కోపం రాలేదు. అదే నాకు వింతగా ఉంది. కోపం ఆ మందుల షాపు కుర్రవాడి మీద వచ్చింది.

ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది అని రాశావు. నాకూ మీ అక్కకీ ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. అయినా చాలలేదు.

ఆ రాత్రి బీరువా తాళం తీశాను. మొదటి పేజీ నుంచి చూసుకుంటూ వచ్చాను. కాలువ గడ్డకట్టిన ఏడాది మనం ముగ్గురం మంచు మీద జారే స్కేట్లు కట్టుకుని దిగిన ఫోటో పెట్టావు కదా. నువ్వు పడిపోయి, లేవలేక నవ్వుతూ ఉన్నావు. అది తీసినవాడు ఎవరో గుర్తులేదు, కానీ నేను ముందు నీ చేయి పట్టుకుని లేపాననీ, తను నిలబడి ఉంటే తనని చూడలేదనీ రెన్స్కె చాలాకాలం దెప్పింది. నవ్వుతూనే దెప్పేది. అది నేను ఇన్నాళ్లూ మర్చిపోయాను. ఆ తర్వాత ఖాళీ పేజీలు కూడా ఒక్కొక్కటే తిప్పాను. అవి ఉత్త కాగితాలు. ఎందుకు అంతసేపు చూశానో తెలియదు.

నిన్న పొద్దున రెన్స్కె కుర్చీ కిటికీ దగ్గర్నుంచి పొయ్యి పక్కకి జరిపాను. మళ్లీ యథాస్థానంలో పెట్టాను. సాయంత్రం మళ్లీ జరిపాను. ఇప్పుడు అక్కడే ఉంది. ఎందుకైనా మంచిదని ఇంకో కుర్చీ కూడా తుడిచి పెట్టాను. స్టూలు మీద కూర్చోవాల్సిన ఖర్మ నీకేం పట్టలేదు.

నేను తొందరపడి కాదన్నాను. అది ఆఖరి మాట అనుకోకు. ఇలాంటి వాటిలో నేను నెమ్మది. వంతెన ఎత్తేటప్పుడు కూడా పడవ బాగా దగ్గరికి వచ్చేదాకా చక్రం తిప్పేవాణ్ని కాదని అందరూ తిట్టేవాళ్లు. నువ్వు కొంచెం ఆగు. ముఖ్యంగా ఆ హెడ్మాస్టరు గారికి ఏమీ మాటివ్వకు.

డౌవ.

తా.క.: ఎర్ర మఖ్మలు నీకు నప్పదు. ఆ మాట చెప్పే హక్కు నాకు లేదని తెలుసు. తెలిసే చెబుతున్నాను.


హార్లింగెన్,
నవంబరు 27.

బావగారికి,

మీ ఉత్తరంలో సగం నాకు అర్థం కాలేదు, మిగతా సగం అర్థమయ్యి కోపం వచ్చింది.

నేను ఎవరికి ఇచ్చుకుంటే మీకెందుకు? మీకు ఇస్తే బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. పాస్టరు గారు అలా దాచుకోలేదు. ఇంటికి ఎవరొచ్చినా పిలిచి చూపిస్తున్నారు, నా గురించి గొప్పగా చెబుతున్నారు. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక నలుగురిలో నా పేరు కూడా చెప్పారు. ఇందులో ఔకెకి సూప్ మాడ్చుకోవాల్సినంత ఏముందో నాకు తెలియదు. ఎర్ర మఖ్మలు గురించి మీ సలహా ఆలస్యంగా వచ్చింది. యెల్లె పోయిన శుక్రవారమే సంతోషంగా తీసుకుపోయాడు, వాడు చేసుకోబోయే పిల్ల కూడా ముచ్చటపడింది.

సీబ్రెన్ గారి విషయంలో మాత్రం మీ మాట వినలేను. వచ్చే గురువారానికి మాటిచ్చేశాను. ఆయన ఈ నెలతో రిటైరవుతున్నారు. ఒంటరి మనిషి. ఇంతకాలం ఓపికపట్టి అడుగుతుంటే ఎన్నిసార్లు రేపు రండి అనను?

మీరేమో ఆగమంటున్నారు. ఎన్నాళ్లని ఆగను? చలికాలం వచ్చేసింది, ఇక జిగురు ఆరదు. మీకు ఇష్టం లేకపోతే దాన్ని తిరిగి పంపించేయండి. ఇష్టం లేని చోట ఉండి అది మాత్రం ఏం చేస్తుంది? పట్టు విప్పేసి ఇంకెవరికైనా పనికొచ్చేలా చేస్తాను.

నిజం రాయాలంటే ఈ ఉత్తరం కోపంగా మొదలుపెట్టాను కానీ ఇక్కడికి వచ్చేసరికి కోపం నిలబడటం లేదు. అక్క పోయాక ఆవిడ గురించి మాట్లాడుకోవడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు. ఆవిడ నవ్వు ఎలా ఉండేదో, పాట ఎంత అపశ్రుతిలో పాడేదో ఇంకెవరితో అంటే ఏం తెలుస్తుంది? మీకూ నేను తప్ప ఎవరూ లేరనుకున్నాను. అందుకే అడిగాను. అంతకుమించి ఏమీ లేదు. అది కూడా ఎక్కువ అడిగినట్టయితే క్షమించండి. ఇక అడగను.

హిస్కె.

తా.క.: స్కేట్ల ఫోటోలో మీరు ముందు నన్ను లేపింది నా మీద జాలితో కాదు. మీ స్కేటు తాడు నా స్కేటులో చిక్కుకుంది. నన్ను లేపకపోతే మీరూ పడేవాళ్లు. అక్కకి ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు, దెప్పుతుంటే వినడానికి బాగుండేది.


వర్కుమ్,
1975 జనవరి 8.

ప్రియమైన హిస్కెకి కొత్త సంవత్సర శుభాకాంక్షలు.

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకు. డిసెంబరంతా కలం పట్టుకుని కూర్చునేవాణ్ని, ఇంకు ఎండిపోయేది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నీ ఉత్తరం అందిన రోజే నేను గడ్డం గీయించుకున్నాను. కొత్త టోపీ కొన్నాను. ఆ గురువారం పొద్దున్నే అల్లం బిస్కెట్ల పెట్టె ఒకటి తీసుకుని, కుక్కని వెంటబెట్టుకుని రైలెక్కాను. హెడ్మాస్టరు గారితో నీ మాట ఖాయం కాకముందే నేను వచ్చి చెప్పేయాలని. రైలు మధ్యలో పొలాల దగ్గర ఆగిపోయింది. మంచు వల్ల అన్నారు. రైల్లో నాలో నేను ఎలా చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ నాతో మాట్లాడుతున్నారా అని అడిగింది.

మీ వీధికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. రేవు పక్కన తాళ్లు చుట్టే స్తంభం దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటున్నాను. అప్పుడే మీ మెట్ల తలుపు తెరుచుకుంది. పొడుగాటి మనిషి, చంకలో కాగితంలో చుట్టినదేదో పట్టుకుని బయటికొచ్చాడు. మనిషి మొహం ఎలా వెలిగిపోతోందంటే, ఆయన నన్ను చూసి, పరిచయం లేకపోయినా, టోపీ తీసి నమస్కారం చేశాడు. పైన కిటికీలోంచి నువ్వు చెయ్యి ఊపావు. నాకు కాదు. ఇక పైకి రావడంలో అర్థం లేదనిపించింది. వెనక్కి తిరిగాను. బిస్కెట్లు దారిలో నేనూ కుక్కా తినేశాం. ఎక్కువ అదే తిన్నది.

ఇంటికొచ్చాక ఔకెతో అంతా చెప్పాను. ఇంకెవరితో చెప్పను? ఆమె ఈసారి నవలల్లో సంగతులేవీ చెప్పలేదు. కాసేపు గిన్నె మూత సర్దుతూ కూర్చుని, "నేను ఇన్నేళ్లుగా గోడకి ఇవతలే ఉన్నాను డౌవా. ఎవరి ఉత్తరంలోనూ లోపలి అర్థం వెతకాల్సిన పని లేకుండా, నేరుగా అడుగుతున్నాను" అన్నది. నాకు కాదనడానికి నోరు రాలేదు. ఒకసారి కాదని ఏమైందో చూశాను కదా. మే నెలలో టౌన్‌హాల్‌లో పెళ్లి. ఆమె కొడుకు, కోడలు వస్తారు. నువ్వు, సీబ్రెన్ గారు వస్తే మాకు సంతోషం.

నీ ఉత్తరంలో జిగురు ఆరదు అన్న మాట ఏమిటో ఔకెకి కూడా అంతుపట్టలేదు. ఇప్పుడు తెలుసుకునీ లాభం లేదులే.

హిస్కె, ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. అక్టోబరులో నువ్వు నన్ను పెళ్లి చేసుకుందామని అడిగినప్పుడు జనం, కుర్చీ, గురక అంటూ రాసినవాణ్ని నేనే. ఆ రోజే సరేనని ఒక్క ముక్క రాసి ఉంటే ఇదంతా వేరేగా ఉండేది. నువ్వు ఆగలేదని నాకు కోపం లేదు. నేను నెమ్మదని నేనే రాశాను.

ఆల్బమ్ తిరిగి పంపడం లేదు. కట్టి పెట్టాను, పోస్టాఫీసు దాకా వెళ్లాను, చేయి రాలేదు. ఔకెకి చెప్పాను. ఉండనీ అన్నది.

నీ క్షేమం కోరే,
డౌవ.

తా.క.: పాస్టరు గారి విషయం చివరికి ఎలా తేలిందో నువ్వు రాయనేలేదు.


హార్లింగెన్,
జనవరి 14.

బావగారికి, ఔకె గారికి నా శుభాకాంక్షలు.

ఈ ఉత్తరం మీరొక్కరే చదువుకోండి. పై వాక్యం మాత్రం ఆమెకి చదివి వినిపించండి.

మీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నేను పెళ్లి అడిగానన్న మాట దగ్గరికి వచ్చేసరికి వేరెవరి ఉత్తరమో అనుకుని కవరు మీద పేరు చూశాను. తర్వాత మీ పాత ఉత్తరాలన్నీ తీసి వరుసగా పెట్టుకుని చదివాను. చదువుతూ చదువుతూ నవ్వడం మొదలుపెట్టాను. పాస్టరు గారి దగ్గరికి వచ్చేసరికి కింది వాటావాళ్లు కర్రతో పైకప్పు తట్టారు, ఏమైందోనని.

బావగారూ, నేను అడిగింది ఒక మధ్యాహ్నం. పెళ్లి కాదు. చెప్పుల పెట్టెలో ఫోటోలు, కాఫీ, జిగురు, అంతే. పాస్టరు గారికి ఇచ్చింది నీలంగళ్ల గుడ్డ ఆల్బమ్, మనవళ్ల ఫోటోలు పెట్టుకోవడానికి. ఆయన భార్య తమ్ముడికీ ఒకటి కావాలంటే చేసి పంపాను. ఎర్ర మఖ్మలు ఆల్బమ్ యెల్లె తను పెళ్లి చేసుకోబోయే పిల్లకి ఇవ్వడానికి తీసుకున్నాడు. సీబ్రెన్ గారి చంకలో మీరు చూసింది ఆకుపచ్చ నారగుడ్డది. ఇంతమంది చేతుల్లో నా పరువు పదిలంగానే ఉంది. ఔకె గారికి ఈ సంగతి మీ మాటల్లో చెప్పండి. జ్వరమేమీ లేదని కూడా.

నవ్వడం అయ్యాక లేచి బంగాళదుంపలు చెక్కు తీద్దామనుకున్నాను. లేవలేకపోయాను. మోకాలు కాదు. మీరు కొత్త టోపీ కొన్నారని రాశారే, అక్కడే మళ్లీ మళ్లీ ఆగిపోతున్నాను. సాయంత్రం కోటు వేసుకుని కిందికి దిగి, ఆ స్తంభం దగ్గరికి వెళ్లి నిలబడి చూశాను. అక్కడినుంచి నా కిటికీ బాగా కనబడుతుంది. నా కిటికీలోంచి ఆ స్తంభం కనబడదు, మధ్యలో వలలు ఆరేసుకునే గుంజలున్నాయి. ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఆ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

మీరు మెట్లెక్కి వచ్చి అడిగి ఉంటే నేను అవుననేదాన్ని. అక్టోబరులో ఉత్తరం రాసినప్పుడు నాకు ఆ ఆలోచన లేదు, ఒట్టు. నవంబరులోనూ లేదు. మీరు వచ్చి వెళ్లిపోయారని చదివినప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేసుకోను? అయినా, అడగకుండానే కాదని, మళ్లీ అడగకుండానే సరేనన్న మనిషితో ఎవరైనా ఏం వేగుతారు అని నన్ను నేను సముదాయించుకుంటున్నాను. కాసేపు పనిచేస్తోంది.

దీని గురించి మీరేమీ చేయకండి. ఆ మంచి మనిషి నోరు తెరిచి నేరుగా అడిగింది. మనిద్దరం కలిపి ఇన్ని కాగితాలు ఖర్చుచేసి చేయలేని పని అది. ఆమెని మే నెలదాకా కూడా ఎదురుచూడనీయకుండా ముందే చేసుకున్నా నాకు సంతోషమే. పెళ్లికి వస్తాను. ఏ గుడ్డ ఇష్టమో ఆమెని అడిగి రాయండి, మీ ఇద్దరికీ ఒకటి చేసి తెస్తాను. పట్టు మాత్రం ఇక లేదు.

ఈ ఉత్తరం చదివి పైపు వెలిగించుకోవడానికి వాడండి.

మీ మరదలు
హిస్కె.

తా.క.: సీబ్రెన్ గారిని పెళ్లికి తీసుకురాలేను. ఆ గురువారం ఆయన నిజంగానే అడిగారు, టోపీ చేతిలో పట్టుకుని. ఆలోచించుకుని చెబుతానన్నాను, అందుకే అంత వెలిగిపోతూ దిగారు. నిన్న రాత్రి వద్దని చెప్పాను. కారణం అడిగారు. నా దగ్గరున్న కారణం ఆయనకి చెప్పేది కాదు. ఆయన టోపీ అందుకుని, పోనీ ఆల్బమ్ వెనక్కి తెచ్చివ్వనా అన్నారు. ఎందుకండీ, ఉంచుకుని ఫోటోలు అంటించుకోండి అన్నాను. అంటించుకోవడానికి తన దగ్గర ఫోటోలేమీ లేవన్నారు. మరి అన్నిసార్లు వచ్చి ఎందుకు అడిగారంటే, ఈ మెట్లెక్కడానికి ఏదో ఒకటి అడగాలి కదా హిస్కె గారూ అన్నారు.